తుమ్మచెక్క రంగు

మా వదిన పోయింది. మొన్న ఆదివారం పొద్దున, గుళ్ళో మొదటి గంట కొట్టకముందే. పాస్టరుగారు వచ్చి మంచం పక్కన నిలబడి, "ప్రభువునందు నిద్రించింది" అన్నారు. చావు జరిగిన ప్రతి ఇంట్లోనూ ఆయన అనే మాటే అది. కాని మా వదిన విషయంలో నాకది ఉన్నమాటే అనిపించింది. ఆమెకు నిద్ర కావాలి. అంత అలిసిపోయిన మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు.

మీలో కొందరి ఇళ్ళల్లో ఆమె రాసి, బొమ్మలు వేసిన పుస్తకాలు ఉండే ఉంటాయి. ఈపాటికి మీ పిల్లలు వాటి అట్టలు చింపే ఉంటారు. పుస్తకం మీద పేరు చూసి, ఎవరో మద్రాసులో ఫ్యాను కింద కూర్చుని బొమ్మలు వేసే పెద్దమనిషి అని మీరు అనుకుని ఉండవచ్చు. ఆమె మాచర్లలో, రైలుపట్టాలు ఆఖరైపోయే చోటికి కాస్త ఇవతల, నాపరాళ్ళు పరిచిన వసారాలో కింద కూర్చుని వేసింది. మిషన్ ఎలిమెంటరీ బళ్ళో ఒకటో తరగతి టీచరు. నేను అదే బళ్ళో మూడో తరగతికి చెబుతాను. మా అన్నయ్య స్టేషన్లో గూడ్సు గుమాస్తా. మా ఆయనకి సాగర్ డ్యాము మీద ఉద్యోగం, వారానికోసారి మొహం చూపించి పోతాడు. అందుకని నేనూ మా అమ్మాయీ అన్నయ్య ఇంట్లోనే పక్క వాటాలో ఉంటాం. అన్నయ్యకూ వదినకూ పిల్లలు లేరు. ఆ ఇంట్లో ఉన్న ఒక్క పిల్లా మా పిల్లే, అందుకని అది ఇద్దరి పిల్లయింది.

వదినను చూడటానికి పోయొచ్చిన రోజు మా అమ్మ గుమ్మంలోనే చెప్పేసింది. "పిల్ల నలుపేనబ్బాయ్. ముందే చెప్తన్నా, తర్వాత నన్ననొద్దు. కాకపోతే ఆ చేతిలో ఏందో ఉంది. నాకు మంచినీళ్ళిచ్చింది, రెండు చుక్కలు కింద పడ్డయ్యి. నాతో మాట్లాడతానే వేలితో ఆ చుక్కల్ని సాగదీసి కోడిని చేసింది. ఆరిపోయేదాకా ఆ కోడినే చూస్తా కూర్చున్నా." అన్నయ్య నలుపు గురించి ఏమీ అడగలేదు. కోడి గురించి అడిగాడు. పెళ్ళి అయిపోయింది.

ఆమెకు బొమ్మలు ఎవరు నేర్పారని గుంటూరులో జరిగిన సన్మాన సభలో ఒకాయన అడిగాడు. ట్రైనింగు స్కూల్లో డ్రాయింగు టీచరమ్మ కొంత చెప్పింది, మిగతాది మేకలు చెప్పాయి, అంది వదిన. అందరూ నవ్వారు. ఆమె నిజమే చెప్పింది. వసారా స్తంభానికి ఎప్పుడూ ఒక మేక కట్టేసి ఉండేది. పాలకోసం అనేది గాని, దాని బొమ్మ గీసినన్నిసార్లు దాని పాలు పితికి ఉండదు. ఆ సభలోనే ఆమెకు శాలువా కప్పారు. మే నెల, గుంటూరు. "ఇంత ఎండలో ఎవరన్నా ఉన్ని కప్పుతారా? నన్ను సన్మానించారో ఉడకేశారో అర్థం కాలేదే అమ్మాయ్" అని ఇంటికొచ్చి నీళ్ళు కుమ్మరించుకుంది.

మొదట్లో ఆమె పుస్తకాలు వేసింది అచ్చుకు కాదు. ఒకటో తరగతిలో పలకలు తప్ప ఏమీ ఉండేవి కావు. వాచకం కొనుక్కోగలిగిన పిల్లలు ఏ కొద్దిమందో. పొగాకు బేళ్ళకు చుట్టే దళసరి కాగితం, చినిగిపోయింది, గూడ్సు షెడ్డులో ఒక మూల పడి ఉండేది. అన్నయ్య అడిగి తెచ్చేవాడు. వదిన దాన్ని తడిగుడ్డతో తుడిచి, నాపరాయి కింద పెట్టి సాపు చేసి, కోసి, గోనెసంచి దారంతో కుట్టేది. రంగులన్నీ ఇంట్లోవే. నలుపుకు పొయ్యిలో బొగ్గు, తెలుపుకు బడి సుద్దముక్క, ఎరుపుకు గోడలకు పూసే జాజు, ఆకుపచ్చకు పిల్లలు పలకలు తుడుచుకునే చిక్కుడాకు పసరు. ఆ కాగితం ఎన్నాళ్ళయినా పొగాకు కంపు పోయేది కాదు. చదువంటే పొగాకు వాసనొచ్చేది అనుకున్నారు మా బడిపిల్లలు చాలాకాలం.

"పిల్లలకి అబద్ధం చెప్పొచ్చే" అనేది వదిన. "మేక మాట్లాడిందని చెప్పు, నమ్ముతారు. మేక రైలెక్కిందని చెప్పు, టిక్కెట్టు తీసుకుందా అని అడుగుతారు. కానీ మేక చెవులు గొర్రె చెవుల్లాగా గీశావా, ఇంక నిన్ను బతకనియ్యరు."

ఇక మా అమ్మాయి సంగతి. దానికప్పుడు ఐదో ఏడు. నా రంగు రాలేదు, వాళ్ళ నాన్న రంగు రాలేదు. మా వదిన కడుపున పుట్టకపోయినా వదిన రంగే వచ్చింది. ఒకరోజు మధ్యాహ్నం బడి వదిలాక, నేను హెడ్‌మాస్టారి గదిలో ఉన్నాను. అది నా క్లాసులోకి పోయి, బోర్డు కింద రాలిన సుద్దపొడంతా ఎత్తి మొహానికి, మెడకు, చేతులకు పులుముకుని కూర్చుంది. ముందర వాచకం తెరిచి పెట్టుకుంది. అందులో ఒక బొమ్మ ఉంది, గౌను తొడుక్కుని బంతి ఆడుకునే పిల్ల. నేను పోయేసరికి వదిన అప్పటికే అక్కడుంది.

"ఏందే కోడలా ఈ అవతారం?" అంది వదిన.

"నేను పుస్తకంలోకి పోతన్నా అత్తా" అంది మా పిల్ల.

నేనైతే రెండు తగిలించేదాన్ని. గౌను పాడుచేసిందని. వదిన మాత్రం చీర చెంగు నీళ్ళల్లో తడిపి దాని మొహం తుడిచింది. ఒక పక్క అంతా తుడిచి, రెండో పక్క తుడవకుండా కాసేపు అట్లాగే చూసింది. తర్వాత అదీ తుడిచింది.  ఆ సాయంత్రమే ఆమె పొగాకు కాగితం దింపి కొత్త పుస్తకం మొదలుపెట్టింది.

పుస్తకం పేరు 'మేక పోయిన దారి'. మేక తాడు తెంపుకుని పోతుంది. దాని వెంట ఒక పిల్ల పోతుంది. నాపరాళ్ళ గనిలో అడుగుతుంది, మిరపకాయలు ఆరబోసిన కళ్ళంలో అడుగుతుంది, గూడ్సు షెడ్డులో హమాలీలను అడుగుతుంది. అందరూ మేకను చూశామంటారు, అది తమ దగ్గర ఏం తినిపోయిందో చెప్పి తిడతారు. చివరికి మేక ఒకటో తరగతి గదిలో, టీచరు కుర్చీ పక్కన కూర్చుని, పిల్లల చిక్కుడాకులన్నీ నమిలేస్తూ కనబడుతుంది. అంతే కథ. ఆ పిల్ల మా పిల్లే. అదే పొట్టి జడ, అదే ముందుకు తోసుకొచ్చిన పొట్ట, అదే వట్టికాళ్ళు. బొగ్గుతో గీత గీసి, కళ్ళల్లో సుద్దతో చుక్కపెట్టింది. ఒంటికి మాత్రం ఏ రంగూ వెయ్యలేదు. వెయ్యాల్సిన పనిలేదు. ఆ కాగితం రంగే మా పిల్ల రంగు.

మా అమ్మాయి ఆ పుస్తకాన్ని చంకలో పెట్టుకునే తిరిగింది. అన్నానికి కూర్చుంటే పక్కన పెట్టుకునేది. స్టేషన్ మాస్టారు భార్యకు, పాలమ్మే ఆమెకు, పోస్టుమాన్‌కు అందరికీ చూపించి, "ఇది నేను" అని చెప్పొచ్చింది. వాళ్ళు అవునన్నారు. అవును మరి.

అప్పటికే వదిన చిన్న చిన్న బొమ్మలు మద్రాసు పత్రికలకు పంపేది. పిల్లల పుస్తకాలు వేసే ఒక పబ్లిషరుగారు అక్కణ్ణుంచి, మీ దగ్గర కథలేమైనా ఉంటే పంపండమ్మా అని రాశారు. మంచి మనిషి, ఆయన్ని ఏమీ అనడానికి లేదు. వదిన చాలా ఆలోచించి, మా పిల్లను బతిమాలి, ఆ పుస్తకాన్నే పంపించింది. "అచ్చయ్యి వస్తే నీలాంటి వాళ్ళు వందమంది వస్తారే కోడలా, గురజాల బళ్ళోనూ నువ్వే ఉంటావు, వినుకొండ బళ్ళోనూ నువ్వే ఉంటావు" అని ఆశపెట్టింది. మా పిల్ల ఒప్పుకుంది. ఏడ్చి ఒప్పుకుంది.

పార్సెలు వచ్చినరోజు అన్నయ్య డ్యూటీ దిగకముందే ఎవరితోనో కబురు పంపాడు. అందరం వసారాలో కూర్చున్నాం. వదిన తాడు కొయ్యలేదు, ముడి విప్పింది. ఏ పార్సెలు వచ్చినా అంతే, తాడు దాచేది. పైన కాగితం తీస్తే మిలమిలలాడే అట్ట. గని ఉంది, కళ్ళం ఉంది, మేక ఉంది, మేక మూతి మీద వెంట్రుకలతో సహా ఉంది. పిల్ల గులాబిరంగులో ఉంది. బుగ్గల మీద ఇంకాస్త ఎక్కువ గులాబి.

మా అమ్మాయి చాలాసేపు చూసింది. పేజీలు తిప్పింది. మళ్ళీ మొదటికి వచ్చింది.

"మేక మనదే అత్తా. ఈ పిల్ల ఎవురు?" అంది.

జవాబుగా మేకే అరిచింది.

వదిన పబ్లిషరుగారికి రాసింది. ఆయన వెంటనే జవాబిచ్చారు, మర్యాదగానే. అమ్మా, మీరు పిల్ల ఒంటికి రంగు వెయ్యలేదు, ఖాళీగా వదిలారు, ఖాళీ వదిలినచోట మావాళ్ళు మామూలు రంగు వేశారు, అన్నారు. తప్పు ఎవరిదని చెప్పగలం? పొగాకు కాగితం మీద ఖాళీ అంటే మా పిల్ల. మద్రాసులో తెల్లకాగితం మీద ఖాళీ అంటే ఖాళీయే. ఆ సంగతి వదినకు తట్టలేదు, నాకు తట్టలేదు, ఆ పబ్లిషరుకూ తట్టలేదు.

"మామూలు రంగంట" అంది వదిన. ఆ మాట ఆమెకు ఎక్కడో దిగబడిపోయింది. కూర తరుగుతూ అనేది, జడ వేసుకుంటూ అనేది. "అమ్మాయ్, మామూలు రంగంటే ఏందే? మన మాచర్ల సంతలో నిలబడి చూడు, మామూలు రంగోళ్ళు ఎంతమంది కనపడతారో."

బొమ్మలు అచ్చువేసే బ్లాకులు మార్చడం కుదరదన్నారు. పోనీ, పల్నాడు బళ్ళకు పోయే పుస్తకాలైనా ముందు నా దగ్గరికి పంపండి, ఇక్కణ్ణుంచి నేను పంపుకుంటాను, అని అడిగింది. మీ ఓపిక అమ్మా, అన్నారాయన. ఆ గులాబి మీద మా పిల్ల రంగు వెయ్యాలిగా, అక్కడ మొదలైంది మా ఇంట్లో తుమ్మచెక్క కాగడం.

మా వైపు తుమ్మచెట్లకు కరువేముంది? నల్లతుమ్మ మాను మీది బెరడుచెక్క కొట్టుకొచ్చి, నలగ్గొట్టి, ఇత్తడి గుండిగలో నీళ్ళుపోసి పొయ్యి మీద పెట్టేది. పొద్దున పెడితే మధ్యాహ్నానికి ఎర్రటి కషాయం అయ్యేది, సాయంత్రానికి చిక్కబడేది. దాన్ని కొబ్బరిచిప్పల్లోకి వంచి, తుమ్మబంక నానబెట్టిన నీళ్ళు కలిపేది, రంగు కాగితానికి పట్టుకోవడానికి. రంగూ తుమ్మదే, బంకా తుమ్మదే. ఇల్లంతా వగరు వాసన. కట్టెపుల్లల పొగ. తర్వాత పిలిచేది.

"కోడలా, చెయ్యి చాపవే."

మా పిల్ల మణికట్టు చాపేది. వదిన కుంచెతో దానిమీద ఒక గీత పెట్టి, ఊది ఆరబెట్టేది. గీత కనపడితే ఇంకా పని ఉందన్నమాట. పలచగా ఉంటే మళ్ళీ కాచేది, చిక్కనైతే నీళ్ళు కలిపేది. పెట్టిన గీత చేతిలో కలిసిపోయి, ఎక్కడ పెట్టామో తెలియకుండా పోయిందా, "ఇంక దించు" అనేది. అప్పుడు గుండిగ దించేవాళ్ళం. ఒక్కోసారి ఎండల్లో ఆడివచ్చి మా పిల్ల ఇంకాస్త కమిలిపోయి ఉంటే, ఆ విడత పుస్తకాలన్నీ ఇంకాస్త ముదురు రంగులో పోయేవి. ఇప్పటికీ ఏ పుస్తకం ఏ కాలంలో వేసిందో నేను చెప్పగలను. వాన కాలంవి వేరు, వేసవివి వేరు.

ప్రతి పుస్తకంలో ప్రతి పేజీలో ఆ పిల్ల ఉంటుంది. ప్రతి పేజీలోనూ ముందు కాళ్ళు, తర్వాత చేతులు, చివర మొహం. అదే ఆమె పద్ధతి. నేను విసుక్కుని ఒకసారి మొహం ముందు వేశాను. కుంచె లాక్కుంది.

"మొహం ఆఖర్న వెయ్యాలమ్మాయ్. మొహానికి రంగు పడిందంటే ఇంక ఆ పిల్ల మనల్ని చూస్తా ఉంటది. అది చూస్తా ఉంటే నాకు చెయ్యి ఆడదు."

తడి కాగితాలు అప్పడాల్లాగా ముడుచుకునేవి. కాస్త ఆరగానే తెరిచిన ఒక్కో పుస్తకం మీద ఒక నాపరాయి. వసారా అంతా రాళ్ళు. రాయి తీస్తే కింద పిల్ల. మా ఆయన వారానికోసారి వచ్చి, ఏ రాయి మీద అడుగేస్తే ఏం తిట్లు పడతాయో తెలియక వాకిట్లోనే కూర్చునేవాడు. "డ్యాము కాడ కూడా ఇన్ని రాళ్ళు చూళ్ళేదబ్బా" అని గొణిగేవాడు.

మొదటి విడత పంపిన ఏడాది వానలు ముసురుపట్టాయి. అదివరకు మొహం బాగా మెరవాలని, వదిన మొహానికి వేసే రంగులో బంక కాస్త ఎక్కువ కలిపింది. ఎవరికి తెలుసు? ముసురు వదిలాక రెంటచింతల వైపు నుంచి ఒక హెడ్‌మాస్టారు సంచిలో పుస్తకాలు వేసుకుని సైకిలు మీద వచ్చాడు. సంచి వసారాలో దించి, "ఏందమ్మా టీచరమ్మా, ఇయ్యి పుస్తకాలా, దోసెలా?" అన్నాడు. పేజీలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. చెమ్మకు బంక మెత్తబడి, ఎదుటి పేజీని పట్టుకుంది. ఆయన ఒకటి లాగి చూపించాడు. పిల్ల మొహం ఊడి, పోయి మేక మూతికి అంటుకుంది.

ముందు హెడ్‌మాస్టారు నవ్వాడు. తర్వాత నేను నవ్వాను. వదిన కూడా నవ్వింది, కడుపు పట్టుకుని నవ్వింది, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. కళ్ళనీళ్ళు వచ్చాక మాత్రం అవి ఆగలేదు. ఆ పెద్దాయన కంగారుపడి, "అయ్యో, ఏదో సరదాకన్నానమ్మా, పిల్లలు ఆ ఊడిన పేజీలే ఎగబడి చూస్తన్నారు" అని సర్దిచెప్పబోయాడు. వదిన ముక్కు తుడుచుకుని, "కూర్చోండి, మజ్జిగ తాగుదురుగాని. పుస్తకాలు వదిలిపెట్టి పొండి, వచ్చేవారానికి ఇస్తాను" అంది. బాగున్నవి ఏరి, పాడైనవాటికి కొత్తవి పెట్టి, ఈసారి బంక తగ్గించి, అన్నీ మొదటినుంచి వేసింది. అన్నయ్య గట్టిగానే అరిచాడు. ఆమె వినలేదు.

ఆమె తర్వాత ఇంకా పుస్తకాలు చేసింది. బర్రె పుస్తకం, గూడ్సుబండి పుస్తకం, వాన కోసం ఎదురుచూసే ఊరి పుస్తకం. వాటన్నిట్లో మనుషుల ఒంటికి రంగు ఆమే వేసి పంపింది, ఇక పొరపాటు జరగనివ్వలేదు. అవి సరిగ్గానే వచ్చాయి. కాని పిల్లలు అడిగేది మేక పుస్తకాన్నే. అది అయిపోతే మళ్ళీ అచ్చు వేసేవారు. ప్రతిసారీ ఆమె రాసేది, ప్రతిసారీ ఈసారికి పాత బ్లాకులే కానివ్వండి, వచ్చేసారి చూద్దాం అని జవాబు వచ్చేది. ఒకసారి రంగువేసిన బొమ్మ కూడా పంపింది. ముదురురంగు మీద నల్లగీత ఆనదమ్మా, కన్నూముక్కూ తెలియవు, అన్నారు. "ఆనక పోవడమేంది? మేం ఒకరినొకరు గుర్తుపట్టటంలా?" అని మా వదిన నాతో అంది. ఆయనకు రాయలేదు. రాసే ఓపిక అప్పటికే తగ్గింది.

ఆయాసం పట్టుకుంది ఆమెను. నాలుగడుగులేస్తే స్తంభం పట్టుకోవాలి. డాక్టరు పొగ తగలకూడదన్నాడు. ఏ పొగ అని అడిగితే, ఏ పొగైనా అన్నాడు. ఇంటికొచ్చి గుండిగ పొయ్యెక్కించింది. పెద్ద పరీక్షలప్పుడు బడిలో ఎంత పనో మీకు తెలుసు. ఆ పనంతా చేసుకుని, వంట చేసుకుని, పార్సెలు విప్పి కూర్చునేది. కూర్చుంటే లేవడానికి చెయ్యి అందించాలి. నాకు చూడబుద్ధయ్యేది కాదు. నాకు కోపం ఎక్కువ, అందరికీ తెలుసు. ఒకరోజు కుంచె నేలకేసి కొట్టాను.

"ఎవురి కోసం వదినా ఇదంతా? ఆ పిల్లలు ఎండాకాలం దాటేసరికి చించి పోగులు పెడతారు. నువ్వేమో ఊపిరాడక చస్తన్నావు."

ఆమె కుంచె తీసుకుని, వెంట్రుకలు సరిచేసి, చిప్పలో ముంచింది.

"చించనియ్యవే. చించేదాకా చూస్తారుగా."

తర్వాత, కాళ్ళకు రంగు వేస్తూ, తల ఎత్తకుండానే అంది. "చిన్నప్పుడు నాకు సండేస్కూల్లో రంగు కార్డులు ఇచ్చేవాళ్ళమ్మాయ్. అమెరికా నుంచి వచ్చేవి. ప్రభువు కూర్చుని ఉంటాడు, చుట్టూ పిల్లలు. ఒక్కో కార్డూ తీసి నేను యాడున్నానా అని చూసేదాన్ని. ఒక్కదాన్లో కనపడలా. నన్ను రానీలేదేమో అనుకున్నా." అంతవరకే చెప్పింది. ఆ మాట ఇన్నేళ్ళల్లో ఆ ఒక్కసారే చెప్పింది. నేను ఇంకో కుంచె తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాను. ఏం చేస్తాను?

ఆమె పోయిన పొద్దున స్నానం చేయించేటప్పుడు, గుడి ఆడవాళ్ళు ఆమె వేళ్ళను కుంకుడు రసంతో రుద్దారు. గోళ్ళ చుట్టూ, వేళ్ళ సందుల్లో ఎర్రగా మరక. పోలేదు. ఒకామె నిమ్మచెక్క తెమ్మంది. గుమ్మం అవతల నిలబడ్డ అన్నయ్య, లోపలికి చూడకుండానే, "అది మురికి కాదమ్మా, వదిలెయ్యండి" అన్నాడు. అన్నయ్య ఆరోజంతా మాట్లాడిన మాట అదొక్కటే. అట్లాగే పెట్టెలో పెట్టాం. చేతులు కనపడేలాగే.

బడిపిల్లలు వరసగా వచ్చారు. చాలామంది అమ్మలు కూలికి పోకుండా ఆగి, పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. వాళ్ళల్లో కొందరు మా వదిన దగ్గర చదువుకున్నవాళ్ళే. పెద్ద పెద్దవాళ్ళు ఎవరూ రాలేదు. మద్రాసుకు టెలిగ్రాం ఇచ్చాం. పబ్లిషరుగారు చాలా విచారిస్తూ రాశారు. ఆయన మంచివాడేనని ముందే చెప్పాను.

ఆమె కోసం పెట్టిన ప్రార్థన కూడిక అయిన మర్నాడు అన్నయ్య డ్యూటీకి పోయాడు. సాయంత్రం హమాలీ చేత ఒక పార్సెలు మోయించుకుని వచ్చాడు. వదిన పేరు మీద వచ్చింది. పదిరోజుల కిందట ఆమె ఎదురుచూసినదే. వసారాలో దించి, దాని పక్కనే చతికిలబడ్డాడు. నేను తాడు కొయ్యబోయి, ఆగి, ముడి విప్పాను.

"మళ్ళా అట్టాగేనా?" అన్నాడు అన్నయ్య.

తీసి చూశాను. అట్లాగే. గులాబి. బుగ్గల మీద ఇంకాస్త.

 ఈ చాకిరీ ఆమెతో అయిపోయిందనుకున్నాను. నిజం చెబుతున్నాను, అయిపోతే బాగుండుననే అనుకున్నాను. కట్టలు కట్టి ఉన్నవి ఉన్నట్టు బళ్ళకు పంపించేద్దామా అని అన్నయ్యను అడిగాను. అన్నయ్య స్తంభం దగ్గరున్న మేక వైపు చూస్తూ కూర్చున్నాడు.

వదిన పీట ఇంకా గోడవారనే ఉంది. ఎవరూ తియ్యలేదు. దానిమీద పాత పార్సెలులో మిగిలిన ఒక పుస్తకం తెరిచి ఉంది. మిరపకాయల కళ్ళం పేజీ. పిల్లకు కాళ్ళు వేసింది, చేతులు వేసింది. మొహం గులాబిరంగులోనే ఉండిపోయింది. శనివారం సాయంత్రం వదిన ఇంక చాలని లేచింది, రేపు వేద్దామని. పక్కన కొబ్బరిచిప్పలో రంగు ఎండి, అడుగున నల్లగా పగుళ్ళు పట్టింది.

మా అమ్మాయి బడినుంచి వచ్చింది. తొమ్మిదో తరగతిప్పుడు, నా అంత ఎత్తు. పుస్తకాల సంచి దించింది. పార్సెలు చూసింది, పీట చూసింది.  పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి చిప్పలో కాసిని పోసింది. ముగ్గురం చూస్తూ కూర్చున్నాం. ముందు నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. కాసేపటికి అడుగునుంచి ఎర్రగా కదిలింది, అంచులదాకా పాకింది. వగరు వాసన వచ్చింది.

నేను కుంచె తీసుకున్నాను. మా పిల్ల పిలవకుండానే చెయ్యి చాపింది. మణికట్టు మీద గీత పెట్టి, ఊదాను. ఆరింది. వెలుతురుకి తిప్పి చూశాను, అన్నయ్య కూడా వంగి చూశాడు. గీత ఎక్కడ పెట్టానో కనపడలేదు.